‘ఊ’ కొట్టే చోటు

మా పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య దూరం చెప్పుకోదగ్గది కాదు, కానీ ఇది ఒడిశా, అది ఆంధ్రప్రదేశ్. ఇల్లు ఈ పక్కన, పొలం ఆ పక్కన ఉన్న కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి పెద్దావిడ, నాకు వరసకు పిన్ని, కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని, కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం నా చేతికిచ్చింది. ఆ పక్కనున్న ఒక కార్యాలయం పంపిన నోటీసు అది.

“ఇందల ఏటి రాసున్నాది బావూ? నానిప్పుడేటి సెయ్యాల?” అని అడిగింది.

నోటీసు తెలుగులోనే ఉంది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, తెలుగు చదవడం నాకు కొత్త కాదు. అయినా ఆ కాగితాన్ని మూడుసార్లు చదివితే గానీ పిన్ని అడిగిన ప్రశ్నకు జవాబు దొరకలేదు. మాటలు కొంచెం అటూ ఇటుగా ఇలా ఉన్నాయి: “తమ స్వాధీన అనుభవములో యున్నట్లుగా నమోదు కాబడిన భూమికి సంబంధించిన రికార్డుల పరిశీలన నిమిత్తము తగు ఆధారములతో నిర్ణీత గడువులోగా హాజరు కావలసినదిగానూ, హాజరు కానియెడల లభ్యమగు రికార్డుల ఆధారముగా తదుపరి చర్యలు తీసుకొనబడుననియూ ఇందుమూలముగా తెలియజేయడమైనది.” మొత్తం ఒకే వాక్యం. గడువు ఏనాటితో తీరుతుందో ఆ వాక్యంలో లేదు. కాగితం పైభాగాన, నంబరు పక్కన చిన్న అక్షరాలలో ఉంది. ఎక్కడికి వెళ్లాలో కింద ముద్రలో ఉంది. తగు ఆధారములు అంటే ఏ కాగితాలో ఎక్కడా లేదు. తెలిసినవారికి ఫోను చేసి కనుక్కుని, ఆ నోటీసు వెనకవైపు పెన్సిలుతో మూడు వాక్యాలు రాశాను.

“ఈ నెల 18, మంగళవారం, పొద్దున్న పది గంటలకు పాతపట్నంలో ఆఫీసుకు వెళ్లాలి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డు, బాబాయి మరణ ధ్రువపత్రం పట్టుకెళ్లాలి. వెళ్లకపోతే వాళ్ల దగ్గరున్న కాగితాలను బట్టే తేల్చేస్తారు.”

చదివి వినిపించాను. ఒక్కొక్క వాక్యం అవగానే పిన్ని “ఊ” అంది. మూడు ఊలు అయ్యాక, ఆవిడే మొదటినుంచి చివరిదాకా నాకు తిరిగి అప్పజెప్పి, కాగితాన్ని మళ్లీ కొంగున ముడివేసుకుని వెళ్లింది. ఆవిడకు అక్షరాలు రావు. అక్షరాలు వచ్చిన నేను మూడుసార్లు చదవవలసి వచ్చిన విషయాన్ని, అక్షరాలు రాని మనిషి ఒక్కసారి విని మనసులో పెట్టుకోగలిగిందంటే, లోపం చదువుకోని మనిషిలో లేదు, ఆ వాక్యంలో ఉంది.

చిన్నప్పుడు మా నాయనమ్మ కథ చెబుతూ మమ్మల్ని ఊ కొట్టమనేది. ఊ ఆగిపోతే కథ ఆపేసేది. పిల్లలు నిద్రపోయారో లేదో చూసుకోవడానికే ఆ ఏర్పాటు అని చాలాకాలం అనుకున్నాను. బడిలో చేరి, నలభై మంది పిల్లల ముందు నిలబడి, ఒక్క ఊ కూడా వినబడని గదిలో పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు దాని విలువ తెలిసింది. ఇప్పటిదాకా చెప్పినది నాకు అందింది, తరువాతది చెప్పవచ్చు అనే రసీదు అది. మా ఉత్తరాంధ్ర వైపు జముకుల కథలోనూ, అన్ని చోట్లా ఉన్న బుర్రకథలోనూ కథకుడి పక్కన వంతపాడేవాళ్లు ఉండడంలో ఈ కిటుకే ఉంది. కథకుడు ఒక ముక్క చెప్పి ఆగుతాడు, వంతవాళ్లు అందుకుంటారు, అంతలో వినేవాళ్లు ఆ ముక్కను మింగుతారు. రాతలో వంతవాడు ఉండడు. అందుచేత రాసేవాడే ప్రతి వాక్యంలోనూ, అవతలివారు ఊ కొట్టడానికి చోటు వదలాలి.

వాక్యాలు చిన్నవిగా రాయండి అని అందరూ చెబుతారు. నేనూ పిల్లలకు చాలా ఏళ్లు అదే చెప్పాను. ఇప్పుడు ఆ సలహా సగమే నిజమనిపిస్తుంది. ఈ రెండు వాక్యాలు చూడండి.

“పిన్ని పొద్దున్నే లేచి, పశువులకు మేత వేసి, ఇంత గంజి తాగి, కాగితాలు సంచిలో పెట్టుకుని, మొదటి బస్సెక్కి పాతపట్నం వెళ్లి, పదింటికల్లా ఆఫీసు ముందు కూర్చుంది.”

“నిన్న పాతపట్నంలో జరిగిన సమావేశంలో అధికారులు ప్రకటించిన గడువులోగా సమర్పించవలసిన పత్రాల జాబితా తయారైంది.”

రెండోదానికంటే మొదటిది పొడుగు. అయినా మొదటిదే తేలిక. లేచి, వేసి, తాగి, పెట్టుకుని, వెళ్లి అనే క్త్వార్థకాల దగ్గర ఒక్కొక్క పని పూర్తయి కింద పడుతుంది. పని జరిగిన వరసలోనే మాటా నడుస్తుంది. ప్రతి కామా దగ్గరా ఊ కొట్టవచ్చు. నాయనమ్మ కథలన్నీ ఈ నడకలోనే ఉండేవి. రెండో వాక్యంలో జరిగిన, ప్రకటించిన, సమర్పించవలసిన అనే విశేషణాలు ఒకదాని నెత్తిన ఒకటి కూర్చున్నాయి. ఇంతకీ ఇది సమావేశం సంగతా, గడువు సంగతా, పత్రాల సంగతా అని తేలకుండా, అన్నింటినీ చేత్తో పట్టుకుని జాబితా అనే మాట వచ్చేదాకా మోసుకుపోవాలి. మధ్యలో ఎక్కడా దించుకునే చోటు లేదు. దాన్ని విడదీస్తే ఇలా అవుతుంది: “నిన్న పాతపట్నంలో సమావేశం జరిగింది. అధికారులు అక్కడ ఒక గడువు చెప్పారు. ఆలోగా ఇవ్వవలసిన కాగితాల జాబితా తయారైంది.” కనుక వాక్యం పొడుగు ఎంత అని చూడడం కంటే, బరువు ఎక్కడ దిగుతోంది అని చూడడం మేలని నా అనుభవం.

ఈ విశేషణాలతో ఇంకో చిక్కు ఉంది. “పిలిచిన మనిషి రాలేదు” అన్నామనుకోండి. మనల్ని పిలిచి తాను రానివాడా, మనం పిలిస్తే రానివాడా? తెలుగు రెండింటినీ ఒప్పుకుంటుంది. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు సందర్భం ఆ అనుమానాన్ని తీరుస్తుంది. కాగితం మీద తీర్చేవారు లేరు. అర్జీలలో, ఒప్పందాలలో, సాక్ష్యాల్లో ఈ ఒక్క మాట మీద తగవులు పుట్టగలవు. “మేము పిలిచినా అతను రాలేదు” అని రాస్తే రెండక్షరాలు పెరుగుతాయి, తగువు తగ్గుతుంది.

ఇక “చేయడం జరిగింది” గురించి. నాకు దీని మీద ఉన్న కోపం మా ఇంట్లోవాళ్లందరికీ తెలుసు. “మంచినీటి సరఫరా నిలిపివేయడం జరిగింది”, “మీ దరఖాస్తు తిరస్కరించడం జరిగింది”, “సమావేశం వాయిదా వేయడం జరిగింది.” ఎవరు నిలిపివేశారు? ఎవరు తిరస్కరించారు? తెలుగు క్రియకున్న గొప్ప గుణం ఏమిటంటే చేసినవాళ్లు ఎవరో దాని చివరనే ఉంటుంది. నిలిపివేశాను, నిలిపివేశాం, నిలిపివేశారు, నిలిపివేశాడు అని ఒక్క మాటలో మనిషి, వచనం, చాలాచోట్ల లింగం కూడా తెలిసిపోతాయి. జరిగింది అనే మాటను అతికించగానే ఆ సమాచారమంతా రాలిపోయి, ఆ పని దానంతటదే వానలా కురిసినట్టు అయిపోతుంది. “నిలిపివేయబడింది” అనేదీ దానికి అక్కగారే. మన ఇళ్లలో ఎవరూ “అన్నం వండబడింది, తినడం జరుగుతుంది” అనరు. ఇంట్లో అనని మాటను ఆఫీసులో ఎందుకు అంటున్నామో రాసేవారు ఒక్క నిమిషం ఆలోచిస్తే, చాలాసార్లు అక్కడ బాధ్యత తప్పించుకోవాలనే కోరిక కనబడుతుంది. తప్పించుకోవాలని లేకపోయినా, అది మర్యాదైన భాష అనే భ్రమలో అలవాటుగా రాసేవాళ్లే ఎక్కువ. మర్యాద “నిలిపివేశాం, రేపు సాయంత్రం నాలుగింటికి మళ్లీ ఇస్తాం” అనడంలో ఉంది.

మేము, మనం అనే తేడా కూడా ఇటువంటిదే. వినేవారిని కలుపుకుంటే మనం, విడిగా ఉంచితే మేము. ఊరి సభలో “చెరువు గట్టు మేము బాగుచేసుకోవాలి” అని ఒకాయన అలవాటున అంటే, ఎదురుగా ఉన్నవాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఆ తరువాత మాట్లాడిన ఆయన “మనం” అన్నాడు. పారలెన్ని ఉన్నాయి అనే లెక్క అప్పుడు మొదలైంది. హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఈ రెండింటికీ ఒకే మాట. మనకు రెండు ఉన్నాయి. వేదిక ఎక్కేవారు ఏది ఎక్కడ వాడాలో ముందే అనుకుని ఎక్కాలి.

సరిహద్దున ఉండడం వల్ల మాకు ఇంకొక జాగ్రత్త అలవాటైంది. ఇక్కడి తెలుగు పిల్లలు చాలామంది ఒడియా బడుల్లో చదువుతారు. రెండు భాషల్లోనూ సంస్కృతం నుంచి వచ్చిన మాటలు బోలెడు, చూడడానికి ఒక్కలాగే ఉంటాయి, అర్థాలు మాత్రం దారులు మార్చుకున్నాయి. మనకు శిక్ష అంటే దండన. ఒడియాలో శిక్ష అంటే చదువు. మనకు అవసరం అంటే కావలసినది. ఒడియాలో అవసర అంటే తీరిక, ఉద్యోగ విరమణ. మన వ్యవసాయం పొలం పని. వాళ్ల వ్యవసాయ వ్యాపారం. మనకు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ లాంటిది. ఒడియాలో రాష్ట్ర అంటే దేశం. మనం ఉపన్యాసం అనేదాన్ని వాళ్లు వేరే మాటతో చెబుతారు, ఎందుకంటే ఒడియాలో ఉపన్యాస అంటే నవల. ఒకసారి మా వీధిలో సభ ఉందనీ, ఒక పెద్దాయన ఉపన్యాసం ఇస్తారనీ చెబితే, తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలి కూతురు “అందరికీ ఇస్తారా తాతయ్యా, ఒక్కటే కాపీ ఉందా?” అని అడిగింది. ఆ పిల్లకు తెలుగు రాదనలేం. నేను వాడిన మాట ఆమె చెవిలో ఏ అర్థంతో దిగుతుందో నేను చూసుకోలేదు. అప్పటినుంచి ముఖ్యమైన మాట దగ్గర ఒకసారి ఆగి, ఇది వినేవారికి కూడా ఇదేనా అని అడుగుకోవడం నేర్చుకున్నాను. ఒకే భాష మాట్లాడే ఊళ్లలోనూ ఈ జాగ్రత్త కావాలి. వైద్యుడు పాజిటివ్ అంటే రోగి సంతోషించిన సంగతులు అందరికీ తెలిసినవే.

రెండు భాషల వల్ల నష్టమే కాదు, ఒక పెద్ద లాభం కూడా ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ పక్క శ్రీకాకుళం జిల్లా కొబ్బరి తోటలు కూలిపోయాయి, ఈ పక్క మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. తరువాతి వారాలలో నష్టపరిహారం అర్జీలు రాసిపెట్టమని ఎందరో వచ్చారు. వాళ్లు చెప్పేది తెలుగులో, అర్జీ రాయవలసింది ఒడియాలో. ఒక రైతు “సర్వం పోగొట్టుకుని కట్టుబట్టలతో మిగిలాం, రోడ్డున పడ్డాం, మీరే దిక్కు” అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. తెలుగులో రాయవలసి వస్తే ఆ వాక్యాన్ని అలాగే రాసేసి ఉండేవాణ్ణి, చదవడానికి బాగానే ఉండేది. ఒడియాలోకి మార్చబోతే కలం ఆగిపోయింది. కట్టుబట్టలు, రోడ్డున పడడం మన నుడికారాలు. అవి అవతలి ఒడ్డుకు ఆ రూపంలో రావు. లోపలి సరుకు మాత్రమే వస్తుంది. ఆ సరుకు ఏమిటో నాకే తెలియదని అప్పుడు తెలిసింది.

అడగడం మొదలుపెట్టాను. సర్వం అంటే ఏమేం? నలభై జీడిచెట్లలో ఇరవై ఆరు వేళ్లతో సహా పడిపోయాయి, మిగిలినవాటికి కొమ్మలు లేవు. ఇంటి పైకప్పు రేకులు పద్నాలుగు ఎగిరిపోతే మూడు దొరికాయి. రెండు మేకలు గోడ కింద పడి చచ్చిపోయాయి. గాదెలో ధాన్యం తడిసింది, ఎంతన్నది ఆయన చేతులతో గాదె మీద ఎత్తు చూపించి చెప్పాడు. ఆ లెక్కలు ఒడియాలో రాశాను. రాసినది మళ్లీ తెలుగులో ఆయనకు చెబుతుంటే ఆయన ఒక్కొక్క అంకె దగ్గర ఊ కొడుతూ, మేకల దగ్గరికి వచ్చేసరికి మాట్లాడలేకపోయాడు. “సర్వం పోయింది” అన్నప్పుడు మాట్లాడగలిగిన మనిషి, “రెండు మేకలు” అన్నప్పుడు మాట్లాడలేకపోయాడు. అంకెలు పొడిగా ఉంటాయని, మనసును తాకాలంటే విశేషణాలు కావాలని అనుకునేవారికి నేను ఈ సంగతి చెబుతుంటాను.

అప్పటినుంచి ముఖ్యమైనది ఏది రాసినా, ఒక పేరాను మనసులో ఒడియాలోకి మార్చి చూసుకుంటాను. మారకుండా మొరాయించిన చోట నాకే సంగతి తెలియదన్నమాట. రెండో భాష హిందీ అయినా ఇంగ్లీషు అయినా ఈ పని చేస్తుంది. రెండో భాష లేనివారు పదేళ్ల పిల్లవాడికి చెప్పి చూసుకోవచ్చు.

అర్జీల విషయంలో ఇంకొక్క మాట. అడిగేది మొదటి వాక్యంలో ఉండాలి, కారణాలు తరువాత రావాలి. చదివే అధికారి బల్ల మీద అలాంటివి వంద ఉంటాయి. కానీ అర్జీ పెట్టే మనిషికి తన కష్టం మొదటినుంచి చెప్పుకోవాలని ఉంటుంది, అది తీసేస్తే తనను తీసేసినట్టు బాధపడతాడు. ఈ రెండింటికీ మధ్య నేను ఇప్పటికీ నలుగుతూనే ఉన్నాను. సాధారణంగా కథంతా విని, కాగితం మీద పావు వంతు పెడతాను. వినడం మాత్రం పూర్తిగా వింటాను.

ఈ తపన మా ఊరికి కొత్తది కాదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు 1880లో ఇక్కడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. చుట్టూ కొండల్లో ఉన్న సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ల భాష నేర్చుకోవాలని గ్రహించి, తెలుగు తెలిసిన సవరవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష పట్టుబట్టి నేర్చుకున్నారు. సవరలో పుస్తకాలు రాశారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఆ కొండల్లో తిరిగినప్పుడు తగిలిన మలేరియా జ్వరానికి క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. 1907 ప్రాంతంలో యేట్స్ అనే పాఠశాలల పరీక్షాధికారి, పిల్లలు మాట్లాడే తెలుగు ఒకటీ పుస్తకాల తెలుగు ఇంకొకటీ ఎందుకున్నాయని అడగడంతో మొదలైన చర్చలో ఆయనా గురజాడ అప్పారావు గారూ నిలిచి, బడి పుస్తకాలు జీవద్భాషలో ఉండాలని వాదించారు. జయంతి రామయ్య పంతులు వంటి పెద్దలు గట్టిగా ఎదిరించినా, 1919లో ‘తెలుగు’ అనే పత్రికను తానే పెట్టి ఆ వాదాన్ని నడిపించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, అది నచ్చక ఈ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. చెవులు వినబడని మనిషి జీవితమంతా చెవికి పట్టే భాష కోసం కొట్లాడారన్న సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఆయన వాదాన్ని కొందరు, నోటికి వచ్చింది వచ్చినట్టు రాసేయమన్నారని అర్థం చేసుకుంటారు. ఆయన కోరింది చదువుకున్నవాళ్లు నిత్యం మాట్లాడుకునే శిష్ట వ్యవహారం. పైగా నోటి మాట దానంతటదే స్పష్టంగా ఉండదు. మన మాటలు రికార్డు చేసి వింటే “అదే, మరేమో, ఇంకా, అంటే” అనే రాళ్ల మధ్య బియ్యం ఏరుకోవలసి వస్తుంది. నోటి మాటలోని నడక తీసుకోవాలి, తొట్రుపాటు తీసేయాలి. అందుకే రాసినది తిరగరాయవలసి వస్తుంది.

ఒక ఆగస్టు 29న మా ఊరి సభలో నన్ను మాట్లాడమన్నారు. వారం రోజులు కష్టపడి ఆరు పేజీల వ్యాసం రాసి, నిలబడి చదివాను. రెండో పేజీ తిప్పేసరికి ముందు వరసలో పిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు వాలిపోయారు. చివరిదాకా కూర్చున్న మా మేనమామ ఆ తరువాత దగ్గరకు వచ్చి, “బాగా రాసినావురా. ఆ కాయితం నాకియ్యి, ఇంటికాడ నిమ్మలంగా సదువుకుంతాను” అన్నాడు. ఆయన మెచ్చుకునే అన్నాడు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను కంటి కోసం రాసినదాన్ని చెవుల ముందు పోశాను. చదివేవాడు వెనక్కు వెళ్లగలడు, మళ్లీ చూసుకోగలడు. వినేవాడికి వెనక్కు దారి లేదు. కాగితం మీద పునరుక్తి దోషమైతే, వేదిక మీద అదే ఊతం. హరికథ చెప్పేవారు ముఖ్యమైన ఘట్టాన్ని వచనంలో చెప్పి, పాటలో చెప్పి, మళ్లీ వచనంలోకి వచ్చేది ఇందుకే.

ఇప్పుడు నేను ప్రసంగాన్ని పూర్తిగా రాసుకుంటాను, కానీ ఆ కాగితాలను ఇంట్లోనే వదిలేస్తాను. జేబులో పోస్టుకార్డంత అట్టముక్క మాత్రం ఉంటుంది. దాని మీద మొదటి వాక్యం, చివరి వాక్యం పూర్తిగా, మధ్యలో ఐదారు మాటలు, అంకెలేవైనా ఉంటే అవి. వేదిక మీదున్న పెద్దలందరినీ పేరుపేరునా పొగిడి ఆ తరువాత విషయానికి వచ్చే ఆచారాన్ని మానుకున్నాను. ఒక్క వాక్యంలో అందరికీ నమస్కారం చెబుతాను. సభ మొదట్లో మనుషుల చెవులు తాజాగా ఉంటాయి, ఆ తాజాదనాన్ని పొగడ్తలకు ఖర్చుపెట్టడం అన్యాయం.

ఒక్క విషయం మాత్రం ఎవరూ నాకు చెప్పలేదు, పొరపాటు చేసి తెలుసుకున్నాను. ఒకసారి బడిలో తల్లుల సమావేశంలో మైకు పట్టుకుని “రేపు పిల్లలు పుస్తకాల సంచీ తేనక్కరలేదు” అని చెప్పాను. మర్నాడు సగం మంది పిల్లలు బండెడు సంచీలతో వచ్చారు. వెనక వరసల్లో కూర్చున్న తల్లులకు “పుస్తకాల సంచీ తే...” వరకే వినబడింది. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. అవునా కాదా అన్నది ఆ క్రియకు కూడా చివర వస్తుంది. వెళ్లాలి, వెళ్లకూడదు, ఇస్తాం, ఇవ్వం, వేసుకోండి, వేసుకోకండి. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి మన ఊపిరి అయిపోతుంది, గొంతు దిగుతుంది, మైకు నుంచి ముఖం తిరుగుతుంది. వాక్యంలో అన్నిటికంటే ముఖ్యమైన అక్షరాలను అన్నిటికంటే నీరసంగా పలుకుతాం. ఈ సంగతి తెలిశాక రెండు అలవాట్లు చేసుకున్నాను. క్రియ కోసం ఊపిరి దాచుకోవడం ఒకటి. వద్దు అని చెప్పవలసిన చోట ఏం చేయాలో చెప్పడం రెండోది: “రేపు పిల్లలను ఉత్త చేతులతో పంపండి.” ఈ వాక్యంలో తోక వినబడకపోయినా, ఉత్త చేతులు అన్న మాట మిగులుతుంది. ఆసుపత్రుల్లో మందుల గురించి చెప్పేవారికి ఇది మరీ ముఖ్యం.

కిందటి ఆగస్టులో మా మేనకోడలి కూతురు, ఆ ఉపన్యాసం ప్రశ్న అడిగిన పిల్లే, సభలో గిడుగు వారి గురించి మాట్లాడతానంది. తాను రాసుకున్న కాగితం తెచ్చి నాకు చూపించింది. చూస్తే ఒడియా అక్షరాలు. చదివితే తెలుగు. ఆమెకు తెలుగు లిపి రాదు. మాట తెలుగు, చేతికి వచ్చిన అక్షరం ఒడియా. నాకు ముందు బాధ కలిగింది. తరువాత పైకి చదువుతుంటే ఆశ్చర్యం కలిగింది. ఆమె ఎన్నడూ తెలుగు పుస్తకం చదవలేదు కనుక, పుస్తకాల నుంచి అప్పు తెచ్చుకున్న మాట ఒక్కటీ అందులో లేదు. “పంతులు గారు ఈ ఊర్లోనే ఉండేవారు. సవరోళ్ల పిల్లలకి పాఠం చెప్పాలనుకున్నారు. వాళ్ల మాట రాదు. అందుకని ముందు ఆయనే వాళ్ల దగ్గర చదువుకున్నారు.” ఈ నాలుగు వాక్యాల్లో ఉన్న సంగతికి నేను ఆ ఏడాది ఆరు పేజీలు ఖర్చుపెట్టాను.

ఒకటి రెండు చోట్ల తేదీలు సరిచేశాను, అంతకంటే ముట్టుకోలేదు. సభలో నాలుగు నిమిషాలు మాట్లాడింది. “ఆయనే వాళ్ల దగ్గర చదువుకున్నారు” అన్న చోట ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగితే, వెనక వరసలో పిన్ని పైకి వినబడేలా “ఊ” అంది.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. వచ్చే ఏడు దాన్నే తెలుగు అక్షరాల్లో రాస్తానంది. ఆదివారాలు వస్తోంది. అచ్చులు, హల్లులు అయిపోయాయి. ఈ వారం ఒత్తులు మొదలుపెట్టాం.